డిస్పెన్సరీ డివిడెండు

“గంజాయి” అన్న మాట పెసరట్ల ప్లేట్ల మధ్య పడి పది నిమిషాలు దాటింది. అట్లు చల్లారి బిగుసుకుపోయాయి. ఎవరూ చెయ్యి పెట్టలేదు.

నిజానికి ఆ మాట అన్నది భవిత కాదు. పదహారేళ్ళ ఆ పిల్లకి ఆ తెలుగు మాటే రాదు. తాతయ్య షేర్లు కొన్న కంపెనీ పేరు ఫోన్‌లో కొట్టి చూసి, “తాతయ్యా, ఇది మెడిసిన్ షాప్ కాదు. వీడ్ షాప్,” అంది. వీడ్ అంటే కలుపు మొక్క అనుకున్నాడు విశ్వనాథం. “కలుపు మందులు కూడా అమ్ముతున్నారా?” అని సంతోషంగా అడిగాడు. అప్పుడు రాజీవ్, తండ్రి మొహం చూడలేక, చట్నీ గిన్నె వైపు చూస్తూ, తెలుగులో చెప్పాడు.

విశ్వనాథం చేతిలోని ముక్క ప్లేట్లో పెట్టేశాడు. చెయ్యి కడుక్కుని వచ్చి మళ్ళీ అదే కుర్చీలో కూర్చున్నాడు. రెండో కాఫీ తాగడమే వ్యసనమని నమ్మే మనిషి ఆయన. ఈ డెబ్భై మూడేళ్ళలో ఆ నమ్మకం ఒక్కరోజు కూడా సడలలేదు.

కోడలు త్రివేణి మాత్రం గంజాయి గురించి ఆలోచించడం లేదు. గురువారం గురించి ఆలోచిస్తోంది.

గురువారం పొద్దున పదింటికి చికాగోలో ఆమె సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ. రాజీవ్‌కి కిందటేడే వచ్చేసింది. ఆమె ఫైలు మాత్రం ఇంటిపేరు స్పెల్లింగులో ఒక ‘హెచ్’ తేడా దగ్గర ఏడాదిన్నర పడుకుంది. కెమిస్ట్రీలో డాక్టరేట్ చేసి, వీసా కోసం పదకొండేళ్ళు ఎవరో రాసిన సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతుకుతూ కూర్చున్న మనిషి ఆమె. ఇప్పుడు వాళ్ళుండే నేపర్‌విల్‌కి ఇరవై నిమిషాల దూరంలో ఉన్న ఒక ఫెడరల్ ల్యాబ్‌లో నీళ్ళ పరీక్షల ఉద్యోగం ఇస్తామన్నారు. సిటిజన్ అయితేనే ఇస్తామన్నారు. మార్చి నెలాఖరు దాకా ఆగుతామన్నారు. మళ్ళీ తెల్లకోటు వేసుకోబోతున్నానని ఆమె స్నేహితులెవరికీ చెప్పలేదు. కోటు మాత్రం కొని అల్మారాలో తగిలించుకుంది.

ఇంటర్వ్యూ ఫైలు టేబుల్ చివర ఉంది. పొద్దున కాగితాలు సర్దుకుంటుంటే అన్నీ సరిపోయాయి, పాస్‌పోర్ట్ ఫోటోలు తప్ప. క్రిస్మస్ సెలవుల్లో ఆరు తీయించిన గుర్తు. కవర్లో ఐదే ఉన్నాయి. తనే పొరబడ్డాననుకుంది. ఆ తరవాత కిందటేటి టాక్స్ రిటర్న్ తీస్తే, అందులో తను ఎప్పుడూ వినని పేరొకటి కనిపించింది. ప్రెయరీవెల్ డిస్పెన్సరీస్. దాని ఎదురుగా డివిడెండు, నలభై ఒక్క డాలర్లు.

“డిస్పెన్సరీ అంటే మందులిచ్చే చోటు,” అన్నాడు విశ్వనాథం, ఎవరితోనో వాదన మధ్యలో ఉన్నట్టు. “ముప్పై ఒక్క ఏళ్ళు చేశాను ఈఎస్ఐ డిస్పెన్సరీలో. ఫార్మసిస్టుని. ఫ్యాక్టరీ కూలీల చీటీలు చూసి మందులు కట్టి ఇచ్చినవాణ్ణి. డిస్పెన్సరీ అంటే ఏవిటో నాకొకళ్ళు చెప్పాలా?”

“ఇక్కడ మీనింగ్ వేరు నాన్నా,” అన్నాడు రాజీవ్.

“వాళ్ళ కంపెనీ పుస్తకంలో పేషెంట్లు అని రాశారు. వెల్‌నెస్ అని రాశారు. పైన ఆకుపచ్చ ప్లస్ గుర్తు. నలభై మూడు బ్రాంచీలు. ఇన్ని చూశాక నేనేమనుకోవాల్రా?”

“ఆగ్డెన్ అవెన్యూలో వాళ్ళ షాపుంది. వాకింగ్‌కి వెళ్ళినప్పుడు చూసుంటారు.”

“చూడ్డమేవిటి, లోపలికే వెళ్ళాను. గుమ్మంలోనే ఐడీ అడిగారు, ఇరవై ఒకటి నిండాయా అని. ఈ జుట్టు చూసి కూడా. ఎంత డిసిప్లినో అనుకున్నాను. లోపల నేల తళతళలాడిపోతోంది. ముసలాళ్ళు కూడా క్యూలో ఒకళ్ళనొకళ్ళు తోసుకోకుండా నిలబడ్డారు. మన డిస్పెన్సరీ ఒక్కరోజైనా ఇలా ఉందా అని బెంగ పెట్టుకున్నానురా నేను.”

భవితకి నవ్వొచ్చింది. తల్లి మొహం చూసి మింగేసింది.

“ఆ అకౌంట్ నాది మామయ్యగారూ,” అంది త్రివేణి. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండునని రాజీవ్‌కి అనిపించింది.

“నువ్వే ఇచ్చావు కదమ్మా.”

ఇచ్చింది. అత్తగారు శేషమ్మ పోయాక ఈయన ఇక్కడికి వచ్చేసిన మొదటి శీతాకాలం అది. రోజంతా కిటికీ దగ్గర కూర్చుని మంచు తీసే ట్రక్కు ఎప్పుడొస్తుందా అని చూసేవాడు. చూడలేక, ఎప్పుడో తెరిచి వదిలేసిన తన షేర్ల అకౌంట్ ఆయన చేతికిచ్చింది త్రివేణి. రెండు వేల డాలర్లున్నాయి, మీ ఇష్టమొచ్చినట్టు ఆడుకోండి, పోయినా పరవాలేదు అంది. పోయుంటే నిజంగానే ఏ బాధా లేకపోను. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఏమిటో ఆమెకి రెండేళ్ళు ఆలస్యంగా తెలిసింది.

“ఆయనకి తెలీదు. సరే,” అని ఆమె మొగుడి వైపు తిరిగింది. “టాక్స్ ఫైల్ చేసింది నువ్వు.”

“సాఫ్ట్‌వేరే ఇంపోర్ట్ చేసుకుంది.”

“నువ్వేం చేశావు?”

“నెక్స్ట్ కొట్టాను.”

“చదవకుండా.”

“నలభై ఒక్క డాలర్లు త్రివేణీ. ఎవరు చూస్తారు?”

“గురువారం ఆఫీసర్ చూస్తాడు. రిటర్న్స్ అన్నీ తీసుకురమ్మన్నారు.”

“స్టేట్‌లో లీగలే కదా. అందరూ కొంటున్నారు.”

“నాకు సిటిజన్‌షిప్ ఇచ్చేది ఇల్లినాయ్ స్టేట్ కాదు రాజీవ్. ఫెడరల్ లా ప్రకారం అది ఇప్పటికీ డ్రగ్. వాళ్ళ దగ్గర్నుంచి నాకు ఇన్‌కమ్ వచ్చింది, దాన్ని నువ్వు నా పేరు మీద పద్ధతిగా టైప్ చేయించి గవర్నమెంట్‌కి పంపించావు.”

రాజీవ్ పెసరట్టు తుంచి నోట్లో పెట్టుకున్నాడు. ఆ ఇంట్లో మాట తోచనప్పుడు మగవాళ్ళు తినడం మొదలుపెడతారు.

“అసలు ఆ కంపెనీ డివిడెండ్ ఇవ్వకపోయుంటే ఏ గొడవా లేకపోను,” అన్నాడు నములుతూ. “ఇలాంటి కంపెనీలు దాదాపు ఏవీ ఇవ్వవు. వచ్చిందంతా కొత్త షాపులకే పెడతాయి. షేర్లు పడుండేవి, ఏ ఫారమ్ వచ్చేది కాదు, ఎవడికీ తెలిసేది కాదు.”

గంజాయి అన్నప్పుడు కూడా పడనంత దెబ్బ ఆ మాటకి పడింది విశ్వనాథానికి.

“డివిడెండు ఇవ్వనిది కంపెనీయేవిట్రా?” అన్నాడు. “గేదెని మేపుతూనే ఉండాలి, పాలు మాత్రం అడక్కూడదు. ఇదేం పాడి? మొదట్లో వాళ్ళూ అలాగే అన్నారు. లాభాలు మా దగ్గరే ఉంచుకోవడం మా పాలసీ అని అచ్చు వేసి మరీ చెప్పారు. మూడు క్వార్టర్లు పైసా రాల్చలేదు. తరవాత దారికొచ్చారు.”

ఆ చివరి మాటలో కొంచెం గర్వం ఉంది. అప్పటికి ఎవరూ పట్టించుకోలేదు.

“మొదటిసారి వచ్చినప్పుడు కాజాలు తెప్పించాను, గుర్తుందా?” అన్నాడు మళ్ళీ, కోడలి వైపు కొంచెం ఆశగా చూస్తూ. “మా ఇంట్లో డివిడెండు వారెంటు, అదే చెక్కు, వచ్చిన రోజు కాజాలు తినడం ఆనవాయితీ. ఆ రోజు నువ్వు రెండు తిన్నావమ్మా.”

త్రివేణి కళ్ళు మూసుకుంది. తిన్న మాట నిజమే. బాగున్నాయని మూడోది కూడా తీసుకుంది. అంత విసుగులో కూడా ఆ సంగతి ఆయన మరిచిపోయినందుకు ఆమెకి ఊరట కలిగింది.

పదకొండింటికి లాయర్ కౌస్తుభ్ ఫోన్ ఎత్తాడు. ఇమిగ్రేషన్ పనులు చూసే తెలుగువాడు, ఈ ఇంటి ఫైళ్ళన్నీ అతని చేతుల మీదుగానే వెళ్ళాయి. కొడుకు స్విమ్మింగ్ క్లాసు దగ్గరున్నట్టున్నాడు, వెనక విజిల్ మోగుతోంది. త్రివేణి ఫోన్ స్పీకర్లో పెట్టి సంగతంతా రెండు నిమిషాల్లో చెప్పింది.

“ఓకే,” అన్నాడు కౌస్తుభ్. తరవాత పక్కకి తిరిగి కొడుకుని నీళ్ళలోంచి బయటికి రమ్మని కేకేశాడు.

“కౌస్తుభ్ గారూ, ప్రాబ్లమా కాదా? అది చెప్పండి.”

“ప్రాబ్లమ్ అని చెప్పలేనండీ. కాదనీ చెప్పలేను. అందులో ఉద్యోగం చేసినవాళ్ళని ఆపేసిన కేసులు నాకు తెలుసు. షేర్లు ఉన్నవాళ్ళ కేసు ఇంతవరకూ నా దగ్గరికి రాలేదు. ఆఫీసర్‌ని బట్టి ఉంటుంది. అడగకపోవచ్చు కూడా.”

“అడిగితే?”

“నిజం చెప్పండి. అబద్ధం మాత్రం ఒక్కటి కూడా వద్దు. మీ పొజిషన్ అసలు బాగానే ఉంది. అకౌంట్ మీది, వాడింది మామగారు. డిస్పెన్సరీ అంటే మెడికల్ షాప్ అనుకున్నారు. మీకు ఆ కంపెనీ పేరు కూడా తెలీదు. ఇవాళే తెలిసింది, తెలిసిన వెంటనే అమ్మేస్తున్నారు. ఎనీ రీజనబుల్ ఆఫీసర్ అర్థం చేసుకుంటాడు.”

త్రివేణి భుజాలు కొంచెం కిందికి దిగాయి. రాజీవ్ నీళ్ళు తాగాడు.

“ఒక్కటే జాగ్రత్త,” అన్నాడు కౌస్తుభ్. “ఆ కంపెనీ గురించి మీకు ముందే తెలుసని చూపించే రైటింగ్ ఏదీ ఉండకూడదు. ఈమెయిల్ కానీ, లెటర్ కానీ. ఉంటే దాచమనట్లేదు, ఉంటే ముందు నాకు చెప్పండి. లేదు కదా?”

“ఎలా ఉంటుందండీ. పేరే ఇవాళ విన్నాను.”

“అయితే కూల్‌గా వెళ్ళండి,” అని అతను పెట్టేశాడు.

త్రివేణి వెంటనే అకౌంట్ తెరిచింది. తను పెట్టిన పాస్‌వర్డ్ పని చెయ్యలేదు. విశ్వనాథం గొంతు సవరించుకుని, శేషమ్మ పేరూ, పెళ్ళయిన సంవత్సరమూ కలిపి చెప్పాడు. ఆమె ఏమీ అనకుండా కొట్టింది. ఉన్న షేర్లన్నీ అమ్మమని ఆర్డర్ పెట్టింది.

“ఇవాళ శనివారం అమ్మా,” అన్నాడు ఆయన మెల్లిగా. “మార్కెట్ సోమవారం గానీ తెరవరు.”

“తెలుసు. సోమవారం తెరవగానే పోతాయి.”

“పోతాయి. కానీ సోమవారమే రికార్డు డేటు. శుక్రవారం సాయంత్రానికి ఎవరి పేరు మీద ఉన్నాయో ఈసారి డివిడెండు వాళ్ళకే. సోమవారం అమ్మినా నీకు వచ్చే తీరుతుంది.”

పాపం, ఆయన శుభవార్త చెబుతున్నట్టే మొదలుపెట్టాడు. సగంలో కోడలి మొహం చూసి వాక్యం చివరికి వచ్చేసరికి గొంతు తగ్గిపోయింది.

“వద్దని చెప్పడానికి లేదా?” అంది త్రివేణి.

“డివిడెండు వద్దనడమా?” అన్నాడాయన. అలాంటి మనిషిని ఆయన జీవితంలో చూడలేదు.

“రెండేళ్ళుగా ఒక్కరోజు నాతో అనాలనిపించలేదా మామయ్యగారూ? ఫలానా కంపెనీ కొన్నానమ్మా అని ఒక్క ముక్క. నేను ఆఫీస్ నుంచి వచ్చి టీ ఇచ్చినప్పుడు చెప్పొచ్చు. కాజాలు పెట్టినప్పుడు చెప్పొచ్చు.”

“నువ్వు అలిసిపోయి వస్తావు కదమ్మా.”

నిజమే. అలిసిపోయే వస్తుంది. ఆయన ఏదైనా చెప్పబోతే, రేపు మాట్లాడదాం మామయ్యగారూ అని ఎన్నిసార్లు అందో ఆమెకే తెలుసు. అది గుర్తొచ్చి ఆమెకి తన మీద కూడా ఒళ్ళుమండింది.

భవిత ప్లేట్లు తీసి సింకులో వేసింది. రాజీవ్, అంతా తేలిపోయినట్టే, గురువారం ట్రైన్‌లో వెళ్దామా కార్‌లో వెళ్దామా అని మొదలుపెట్టాడు. డౌన్‌టౌన్ పార్కింగ్ గురించి నాలుగు మాటలు మాట్లాడాడు. విశ్వనాథం మాత్రం కదలకుండా కూర్చుని టేబుల్ మీద వేలితో ఏదో రాస్తున్నాడు.

“రైటింగ్ అంటే,” అన్నాడు హఠాత్తుగా. “ఆ లాయరుగారు అన్నది. చేత్తో రాసినవి కూడా లెక్కేనా?”

రాజీవ్ పార్కింగ్ మాట ఆపేశాడు. ఆయన లేచి తన గదిలోకి వెళ్ళాడు. అల్మారా తలుపు తెరిచిన చప్పుడు, మూసిన చప్పుడు వినిపించాయి. ఎర్ర దారంతో కట్టిన అట్ట ఫైలు తెచ్చి కోడలి ముందు పెట్టాడు. పైన గుండ్రటి అక్షరాలతో ‘ఆఫీసు కాపీలు’ అని రాసి ఉంది.

“పదకొండు ఉత్తరాలు,” అన్నాడు. “దాచకూడదన్నాడు కదమ్మా.”

త్రివేణి దారం విప్పింది. పై కాగితంలో ఇంగ్లీషు ముప్పై ఏళ్ళ కిందటి సర్కారు ఆఫీసుది, మహరాజశ్రీ అన్నంత వినయంగా మొదలై రెండో పేరాలో నిలదీస్తోంది. తాను తమ కంపెనీ షేర్‌హోల్డరుననీ, ఆగ్డెన్ అవెన్యూ డిస్పెన్సరీని స్వయంగా సందర్శించి సరుకు నాణ్యత, సిబ్బంది మర్యాద చూసి సంతృప్తి చెందాననీ, ఇంత లాభసాటి వ్యాపారం చేస్తూ డివిడెండు ఇవ్వకపోవడం ధర్మం కాదనీ ఉంది. కింద సంతకం. త్రివేణి సంతకం. మొదటి అక్షరం మీద పొడుగాటి గీత, చివర చిన్న మెలిక, అంతా ఆమెదే.

“ఇది నేను పెట్టలేదు,” అంది.

“నేను పెట్టానమ్మా. షేర్లు నీ పేరు మీదున్నాయి. వేరేవాడు రాస్తే చెల్లదు కదా. భవిత స్కూలు ఫారాల మీద నీ సంతకం చూసి వారం రోజులు ప్రాక్టీసు చేశాను. తేడా వస్తే ఉత్తరం వెనక్కి తిప్పేస్తారు. మన దేశంలో నేను షేర్లు కొన్న చక్కెర ఫ్యాక్టరీవాళ్ళు మూడుసార్లు తిప్పారు నాకు, అదీ నా సొంత సంతకానికి.”

“ఇక్కడ సంతకాలు ఎవడూ పోల్చి చూడడు నాన్నా,” రాజీవ్ లేచి నిలబడ్డాడు. “అసలిక్కడ ఉత్తరాలే ఎవడూ రాయడు.”

“అందుకే చదివారు,” అన్నాడు విశ్వనాథం.

“ఏమంటారో తెలుసా దీన్ని? ఫోర్జరీ అంటారు.”

ఆ మాట అర్థం కావడానికి విశ్వనాథానికి తర్జుమా అవసరం లేదు. ముప్పై ఒక్క ఏళ్ళలో డిస్పెన్సరీ నుంచి ఒక్క మాత్రల అట్ట కూడా ఇంటికి తెచ్చుకోని మనిషి. సొంత కొడుకు నోట ఆ మాట విని ఆయన ఫైలు మీది ఎర్ర దారం అందుకుని వేలికి చుట్టుకోసాగాడు. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. త్రివేణికి జాలేసింది, జాలేసినందుకు మరింత కోపం వచ్చింది. కోప్పడ్డానికి కూడా వీల్లేని మనుషులతో కాపురం చెయ్యడం ఎంత కష్టమో ఆమెకి ఆ క్షణంలో అనిపించినంతగా ఎప్పుడూ అనిపించలేదు.

“వాళ్ళు జవాబు రాశారా?” అని అడిగింది.

“ఐదో ఉత్తరం నుంచి రాస్తున్నారు. చాలా మర్యాదస్తులు. పాలసీ మార్చాక, మీలాంటివాళ్ళు అడగబట్టే మార్చామని రాశారు. ఈ జనవరిలో రాసిందైతే...” ఆగిపోయాడు.

“జనవరిలో ఏం రాశారు?”

“వాళ్ళ వార్షిక నివేదికలో వేసుకుంటామన్నారమ్మా. నీ ఉత్తరం. పర్మిషన్ అడిగారు.”

“మీరేమన్నారు?”

విశ్వనాథం పదకొండో కాగితం వైపు చూశాడు.

సింకు దగ్గర నీళ్ళు ఆగిపోయాయి. భవిత తడి చేతులు ప్యాంటుకి తుడుచుకుని ఫోన్ తీసింది. వేలితో పైకి తోస్తూ, తోస్తూ ఒకచోట ఆగింది.

“మమ్మీ,” అంది. “వాళ్ళ యాన్యువల్ రిపోర్ట్ పోయిన వీక్ వెబ్‌సైట్‌లో పెట్టారు. ‘మా షేర్‌హోల్డర్ త్రివేణి, నేపర్‌విల్’ అని రాశారు. నీ లెటర్ మొత్తం ఉంది. నువ్వు స్టోర్‌కి వెళ్ళావు అని, ప్రోడక్ట్ వెరీ గుడ్ అని.” ఆ పిల్ల గొంతులో ఈసారి నవ్వు లేదు. ఫోన్ తల్లి వైపు తిప్పింది.

ఉత్తరం పక్కన చిన్న ఫోటో ఉంది. వెనక తెల్లటి గోడ. నవ్వని మొహం, చెవులు కనిపించేలా వెనక్కి దువ్విన జుట్టు.

త్రివేణి చెయ్యి చాచి టేబుల్ చివరనున్న ఇంటర్వ్యూ ఫైలు దగ్గరికి లాక్కుంది. కవర్లోని ఐదు ఫోటోలూ తీసి ఫోన్ పక్కన వరసగా పెట్టింది.

“ఆరోది నేనే తీసుకున్నానమ్మా,” అన్నాడు విశ్వనాథం. “ఫోటో పంపమన్నారు. ఇంట్లో నీది చక్కగా ఉన్నది అదొక్కటే కనిపించింది.”